జాయింటు లేని వైరు

సత్యవేడులో ఉత్త ఏకాంబరం ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఏరియల్ ఏకాంబరం అని అడగండి, బస్టాండు దగ్గర టీ తిరగబోసే మనిషి కూడా పని ఆపి చెయ్యి పైకెత్తి చూపిస్తాడు. ఇంటికి దారి చూపిస్తున్నాడనుకునేరు. కాదు, మిద్దెల మీదికి చూపిస్తున్నాడు. ఆ మనిషి ముప్పై, నలభై ఏళ్ళు మిద్దెల మీదే బతికాడు మరి! కింద బతికింది తక్కువ. ఆ తక్కువ బతుకు గురించే నేను చెప్పబోయేది.

మద్రాసు దగ్గర్లోనే ఉంది కాబట్టి సత్యవేడులో టీవీ అంటే మద్రాసు టీవీయే. పొడుగాటి ఇనప పైపు నిలబెట్టి, దాని తలకు ఏరియల్ కట్టి, దక్షిణం వైపుకు తిప్పితే బొమ్మ వచ్చేది. అందరూ పైపు పొడుగు చూసి మురిసిపోయేవాళ్ళు. ఏకాంబరం మాత్రం వాళ్ళను చూసి విసుక్కునేవాడు. “బొమ్మ పైపులో లేదప్పా, వైరులో ఉండాది” అనేవాడు. మొదట్లో వాడిన పట్టీ వైరు చవక, కానీ గోడకు ఆనితే చాలు బొమ్మ చెడిపోయేది. తర్వాత గుండ్రటి వైరు వచ్చింది. నడుమ రాగితీగ, దాని చుట్టూ తెల్ల నురగ, దాని మీద రేకు, ఆపైన అల్లిక తీగ, పైన నల్ల తొడుగు. ఆ వైరును ఏకాంబరం చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. మెలి పడనిచ్చేవాడు కాదు. జాయింటు వెయ్యమంటే కయ్యానికి వచ్చేవాడు. వైరు ఇంట్లోకి దూరే ముందు కిందికి ఒక వంపు ఇయ్యాలి, వాననీళ్ళు ఆ వంపులోనే కారి నేలన పడిపోవాలి, లేకుంటే వైరు పట్టుకొని నడిచి లోపలికొస్తాయి అని ఇంటింటికీ పాఠం చెప్పేవాడు.

మరి సొంతింట్లో? అదే కదా నా ఒళ్ళు మండేది! ఊళ్ళో మిగిలిన తునకలన్నీ తెచ్చి, ఒకదానికొకటి మెలిపెట్టి, టేపు చుట్టి, తన మిద్దె మీద వేసుకున్నాడు. వంపు ఇయ్యలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఆ తర్వాత రానే లేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, కోమలి. బళ్ళోంచి రాగానే సంచి పడేసి నాయన ఏ వీధిలో ఉంటే ఆ వీధికి పరిగెత్తేది. ఆయన మిద్దె మీద పైపు తిప్పుతుంటే, కింద టీవీ ముందు నిలబడి బొమ్మ చూసి, వాకిట్లోకి ఉరికి అరిచి చెప్పేది. “ఇంగా రాలేదు నాయనా! ఇంగొంచెం తిప్పు! ఆఁ, వచ్చినాది, వచ్చినాది, ఆడనే ఉంచు!” ఆ గొంతు విని వీధిలో ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

తొంభై ఒకటిలో మద్రాసు స్టేషనువాళ్ళు సరిహద్దు ఊళ్ళ బడిపిల్లలతో పాటలు పాడించారు. సత్యవేడు ఆడపిల్లల బడి నుంచి పదహారు మందిని బస్సులో తీసుకుపోయి, వాన మీద ఒక పాట పాడించి పంపించారు. అందులో కోమలి ఉంది. ఫలానా ఆదివారం సాయంత్రం ప్రసారం అని చెప్పారు. ఇంకేముంది, వీధంతా పండగే! ఆ వీధిలో టీవీలున్న నాలుగిళ్ళవాళ్ళూ ఏకాంబరం దగ్గరికి వచ్చారు. “మా ఏరియల్ సరిగ్గా రాదు, నీ పైపు నుంచి ఒక లైను ఇయ్యప్పా, మన బిడ్డను మనం చూసుకోవద్దా” అన్నారు. ఏకాంబరం ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. కాదనగలడా? మన బిడ్డ అన్నారే! ఒకే పైపు, ఒకే వైరు, దాన్ని నాలుగు చోట్ల కోసి, నాలుగిళ్ళకు తీగలు మెలిపెట్టి ఇచ్చాడు. వచ్చే సిగ్నలే పిడికెడు, దాన్ని ఐదిళ్ళకు పంచితే ఎవరికి మిగులుతుంది? ఇంకెవరైనా అడిగి ఉంటే ఏకాంబరమే నాలుగు తిట్టి పంపేవాడు.

పాట మొదలైంది. ఐదిళ్ళలోనూ టీవీ తెర మీద చీమలు పారాయి. చమురులో ఏదో వేగినట్టు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఏకాంబరం మిద్దెక్కి పైపు తిప్పాడు. కింద నుంచి కోమలి అరుస్తూనే ఉంది, “రాలేదు నాయనా, ఇంగా రాలేదు!” అని. ఆయన మెలికలన్నీ విప్పి, నాలుగిళ్ళ వైర్లూ పీకి పారేసేటప్పటికి పాట అయిపోయి వార్తలు వస్తున్నాయి. కోమలి ఏడవలేదు. “పోనీలే నాయనా, మళ్ళీ ఏస్తారంట” అంది.

మళ్ళీ వెయ్యలేదు. ఆ ఏడాది మార్గశిరంలో కోమలికి మెదడువాపు జ్వరం వచ్చింది. ఆరు దినాలు. పదమూడేళ్ళ పిల్ల.

భార్య గురవమ్మ ఆయన్ను ఒకే ఒక్కసారి ఒక మాట అంది. పదహారో దినం నాడు, అందరూ వెళ్ళిపోయాక. “ఊరికంతా పంచినావే, నీ బిడ్డను నువ్వు సూసుకున్నావా?” అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఒక్కసారి అన్న మాట కాబట్టే అది ఆయనలో అట్లాగే ఉండిపోయింది. టీవీ గురించి అందనుకున్నాడు. ముప్పై మూడేళ్ళు అట్లాగే అనుకున్నాడు.

కోమలి ఫోటో ఒకటి ఉండేది, బళ్ళో తీసింది. గోడకు తగిలించారు. పదేళ్ళ కిందటి పెద్దవానల్లో మూడు దినాలు ఎడతెరిపి లేకుండా కురిసింది. వంపు ఇయ్యని ఆ వైరు పట్టుకొని నీళ్ళు గోడలోకి నడిచి వచ్చాయి. ఫోటో సరిగ్గా ఆ గోడకే ఉంది. వాన వెలిశాక పటం విప్పి చూస్తే మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక, కింద రెండు జడల కొసలు మిగిలాయి. ఏకాంబరం ఆ పటాన్ని బీరువాలో బట్టల కింద దాచాడు. గురవమ్మ అడగలేదు. ఎందుకంటే అప్పటికే ఆమెకు చక్కెర జబ్బుతో చూపు మసకబారుతోంది. ఇప్పుడైతే వెలుతురు, నీడ, అంతే తెలుస్తాయి. తిరుపతి కళ్ళ డాక్టరు కూడా ఇంక తిప్పవద్దులే అని చెప్పేశాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మొన్న బుధవారం పొద్దున రూపశ్రీ ఫోను చేసింది. ఆమె కోమలితో కలిసి పాడిన పిల్లే. ఇప్పుడు శ్రీకాళహస్తిలో టీచరు.

“పెదనాయనా, మా పాట మళ్ళీ ఏస్తా ఉండారు! పాత రికార్డింగులన్నీ తీసి ఏస్తారంట. ఆదివారం పొద్దున పది గంటలకు. మన బడి పేరు రాసి సూపించినారు, నేనే సూసినా.”

ఏకాంబరం ఫోను పెట్టేశాడా, చేతిలోంచి జారిందా, ఆయనకే తెలియదు. గురవమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఆమెకు అంతా వినపడింది.

“నాకు కండ్లు లేవు” అంది. “నువ్వు సూడు. సూసి నాకు సెప్పు. యాడ నిలబడుండాది, ఎట్లుండాది, అన్నీ సెప్పు. నాకదే సాలు.”

“సెప్తా” అన్నాడు ఏకాంబరం.

ఇద్దరికీ మిగిలిన ఆశ అదొక్కటే. ఆ మూడు నిమిషాల పాట, అందులో కోమలి మొహం.

ఇప్పుడు వాళ్ళింట్లో ఏరియల్ పైపు లేదు. నెలనెలా కట్టే పనిలేని చిన్న డిష్ ఉంది. కానీ డిష్ నుంచి ఇంట్లోకి దిగే వైరు మాత్రం అదే తునకల బాపతు. మూడు చోట్ల జాయింటు. గాలి వీస్తే బొమ్మ గళ్ళుగళ్ళుగా చిట్లిపోతుంది. గురవమ్మకు చూపు లేదు, తనకు చూడాలని లేదు, అందుకే అట్లా వదిలేశాడు. బుధవారం సాయంత్రం నిచ్చెన వేసుకొని, అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో మిద్దెక్కి ఆ జాయింట్లు విప్పి చూశాడు. టేపు లోపల రాగి పచ్చగా చిలుము పట్టింది. అక్కడే కూర్చొని ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి కొత్త వైరు. అసలైన రాగి. నలభై అడుగులు, ఒకే తునక, ఒక్క జాయింటు ఉండకూడదు. ఎవరికీ చెప్పకూడదు, ఎవరికీ లైను ఇయ్యకూడదు.

గురువారం పొద్దున బజారులో ఢిల్లీబాబు ఎలక్ట్రికల్ షాపుకు పోయాడు. పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఢిల్లీబాబు మూడు చుట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. ఏకాంబరం ఒక్కొక్కదాని కొస చాకుతో గీకి, నడిమి తీగకు అయస్కాంతం ఆనించాడు. మూడూ టక్కున అతుక్కున్నాయి.

“ఇనుము” అన్నాడు.

“ఇనుమేన్నా, పైన రాగి పూత. ఇప్పుడంతా ఇదే. డిష్ సిగ్నలు పై పూతలోనే పోతాది, లోపల ఏముంటే ఏమి? నలబై అడుగులకు ఇది బాగా సాలు.”

“నాకు రాగి కావాల.”

“రాగిది ఇరవై ఐదడుగుల తునక ఒకటుండాది, పదిహేనుది ఇంగొకటి. నడాన పిన్ను ఏసి కలిపితే—”

“జాయింటా?” ఏకాంబరం గొంతు చూసి షాపులో ఉన్న వేరే మనిషి కూడా తిరిగి చూశాడు.

ఢిల్లీబాబు మంచివాడు. విషయం అడిగాడు. ఎవరికీ చెప్పకూడదనుకున్న ఏకాంబరం చెప్పేశాడు. ఢిల్లీబాబు చుట్టలన్నీ పక్కకు జరిపాడు. తర్వాత, “మా ఇంటికి రాన్నా. పెద్ద టీవీ. అక్కను ఆటోలో నేనే తీసుకొస్తా” అన్నాడు.

“నా ఇంట్లో సూడాలప్పా” అన్నాడు ఏకాంబరం. “నా వైరులో సూడాల.”

ఢిల్లీబాబు చెప్పింది అక్షరాలా నిజం, ఆ ఇనప వైరు చాలు. అది కట్టుకొని హాయిగా ఇంటికి పోయి, మూడు దినాలు భార్య పక్కన కూర్చొని ఉంటే ఈ కథే ఉండదు. కానీ ముప్పై మూడేళ్ళుగా ఒక మెలికను తలలో పెట్టుకొని తిరిగిన మనిషికి ఎవరు చెప్తారు!

శుక్రవారం ఇంట్లో పాత వైరు ఊడబెరికాడు. గోడకు కొత్త రంధ్రం వేశాడు. గురవమ్మ మంచం మీద నుంచి ఆ చప్పుళ్ళు వింటూ, “ఏమయ్యా, రవ్వంతసేపు కూసో. మద్రాసు నుంచి వచ్చిన దినం అది నాకు ఏం సెప్పిందో తెలుసునా నీకు?” అంది.

“తర్వాత సెప్దువులే మే. డ్రిల్లు కరెంటు ఉన్నప్పుడే ఏసుకోవాల.”

శనివారం పొద్దున్నే చొక్కా తగిలించుకుంటుంటే మళ్ళీ పిలిచింది. “వచ్చినాక అన్నం గూడా తినలేదయ్యా అది, నీకు తెలీదు, నువ్వు యాడో మిద్దె మీద—”

“బస్సు పోతాది గురవా! వచ్చి ఇంటా, అంతా ఇంటా.”

వరదయ్యపాళెం మీదుగా శ్రీకాళహస్తి చేరి, పాత స్నేహితుడు గోవిందస్వామి గోడౌనులో దుమ్ము చుట్టల మధ్య పొద్దు గూకేదాకా వెతికాడు. దొరికింది. రెండు కొసలూ మైనంతో మూసిన చుట్ట, నలభై ఐదు అడుగులు, ఒకే తునక. అయస్కాంతం ఆనించాడు. జారి కింద పడింది. ఆ జారుడు చూసి ఏకాంబరం ఎన్నేళ్ళ తర్వాతో నవ్వాడు. బస్సులో ఆ చుట్టను ఒళ్ళో పెట్టుకొని, ఎవరి సంచీ తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి తెచ్చాడు. ఇల్లు చేరేటప్పటికి గురవమ్మ నిద్రపోయింది.

ఆదివారం పొద్దున ఆరింటికే మిద్దెక్కాడు. చెప్పడానికి సిగ్గులేదు, ఆ పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలి. వైరును ఎక్కడా మెలి పడకుండా పరిచాడు. మూరకొక మేకు. మూలల్లో వెడల్పుగా తిప్పాడు. గోడలోకి దూరే ముందు జానెడు వంపు ఇచ్చాడు. ఆ వంపులో నీళ్ళు ఎటు కారతాయో వేలితో గీసి చూసుకున్నాడు. కింద గురవమ్మ తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని, గోడ పట్టుకుంటూ వచ్చి టీవీ ముందు నేల మీద కూర్చుంది.

“దిగినావా? అది ఆ దినం ఏం సెప్పిందంటే—”

“పది అయితా ఉండాది, ఉండు మే!”

బొమ్మ వచ్చింది. ఏకాంబరం తన జీవితంలో ఎవరింట్లోనూ అంత శుభ్రమైన బొమ్మ తెప్పించి ఉండడు. పాత రికార్డింగు, రంగులు వెలిసిపోయాయి, అయినా ఒక్క చుక్క లేదు, ఒక్క గడి చిట్లలేదు. బడి పేరు పడింది. మూడు వరసల్లో పదహారు మంది ఆడపిల్లలు. అందరికీ ఒకటే నీలం పావడా, ఒకటే తెల్లజాకెట్టు, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. పాట ఎత్తుకున్నారు.

“వచ్చినాదా?” అని అడిగింది గురవమ్మ.

“వచ్చినాది.”

ఏకాంబరం ముందుకు జరిగి, టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాడు. చూడగానే తెలిసిపోతుందనుకున్నాడు. కన్నబిడ్డ కదా, వెతకాలా? కెమెరా మొదటి వరస మీద మెల్లగా జరిగింది. తెలియలేదు. రెండో వరస మీద జరిగింది. ఒక్కొక్క మొహమూ కడిగినట్టు కనిపిస్తోంది. కనుబొమలు, ముక్కుపుడకలు, నుదుటి మీద సాదు బొట్టు, అన్నీ. ఇందులో ఎవరు? కోమలికి బుగ్గన పుట్టుమచ్చ ఉండేదా? గడ్డం ఎట్లా ఉండేది? కోమలి అని తలచుకుంటే ఆయనకు వచ్చేది ఒకటే. మిద్దె మీద నుంచి చూసిన నడినెత్తి పాపిడి, ఎండకు కళ్ళు చికిలించి పైకెత్తిన చిటికెడు మొహం, చిన్న పిల్ల, చాలా చిన్న పిల్ల. ఆ చిన్న పిల్ల కోసం ముందు వరసల్లోనే మళ్ళీ మళ్ళీ వెతికాడు. పదహారు గొంతులు కలిసిపోయి ఒకటే గొంతుగా ఉన్నాయి, “వచ్చినాది నాయనా” అన్న గొంతు అందులో ఎక్కడుందో ఆయనకు పట్టుబడలేదు.

“యాడుండాది?” గురవమ్మ చెయ్యి చాచి ఆయన మోకాలు పట్టుకుంది. “సెప్పు, యాడుండాది?”

కెమెరా వెనక్కి జరిగింది. పాట చివరి చరణంలో ఉంది.

“రెండో వరసలో” అన్నాడు ఏకాంబరం. “ఎడం సేతి పక్క.”

“నగతా ఉండాదా?”

“ఊఁ. నగతా ఉండాది.”

గురవమ్మ చెయ్యి మోకాలి మీద అట్లాగే ఉంది. పాట అయిపోయింది. ఇంకేదో ఊరి బడి పేరు పడి వేరే పిల్లలు వచ్చారు. ఏకాంబరం లేచి టీవీ కట్టేశాడు. ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“రెండో వరసలోనా?” అంది.

ఏకాంబరం టీవీ వెనక వైరు కొస సర్దుతున్నాడు.

“దాన్ని కడా వరసలో నిలబెట్టినారయ్యా. అందరికంటే పొడుగని. మద్రాసు నుంచి వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకొని ఏడ్చినాది, వెనకాల నిలబెట్టినారమ్మా, నాయనకు నేను కనపడను అని.” ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. “మూడు దినాలుగా అదే సెప్దామని సూస్తా ఉండా.”

కోమలి పొడుగా? ఏకాంబరం గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఆ పిల్ల పొడుగని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మిద్దె మీద నుంచి చూస్తే అందరూ పొట్టివాళ్ళే. వెనక వరసలో నలుగురో ఐదుగురో పొడుగు పిల్లలు నిలబడ్డారు, నిజమే. వాళ్ళను ఆయన సరిగ్గా చూడనేలేదు. ఇప్పుడు తలచుకుందామని కళ్ళు మూసుకున్నాడు. ఎర్ర రిబ్బన్లు తప్ప ఏమీ రాలేదు. పిడికిలితో నుదురు కొట్టుకున్నాడు. అయినా రాలేదు.

ఫోను మోగింది.

“రూపశ్రీ అయ్యుంటాది” అంది గురవమ్మ, మొహం ఆ చప్పుడు వైపు తిప్పి. “దాన్ని అడుగు. అదైతే సెప్తాది.”

రూపశ్రీ కాదు, ఢిల్లీబాబు. షాపులో ఎవరో బేరమాడుతున్న చప్పుడు వెనక వినిపిస్తోంది.

“ఏమన్నా, ఎట్ల వచ్చినాది బొమ్మ?”

ఏకాంబరం గురవమ్మను చూశాడు. ఆమె వింటోంది.

“బాగా వచ్చినాదప్పా” అన్నాడు. “ఒక్క సుక్క లేదు. అందరి మొగాలూ తెలిసినాయి.”